స్టాంపుల సేకరణ వద్దు, హోటల్ కథ చెప్పు

పోయిన సంచికలో నేవీ ఆఫీసరు ఉద్యోగాల గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఈసారి ఉత్తరాల కట్ట బాగా లావెక్కింది. దాదాపు అందరిదీ ఒకటే ప్రశ్న: దరఖాస్తు గట్టిగా ఉండాలంటే ఏం చేయాలి? రాసినవాళ్లంతా మన అనంతపురం, కడప, కర్నూలు వైపువాళ్లే. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్లు. నాదీ అలాంటి ఊరే, తాడిపత్రి పక్కన. షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ల గడువుతో ఇచ్చే ఆఫీసరు ఉద్యోగం) మీద నేవీ ఇంజినీరింగ్ శాఖలో 14 ఏళ్లు చేసి, ఇప్పుడు ఊళ్లోనే చీనీ చెట్లకు నీళ్లు కట్టుకుంటున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను. అన్ని ఉత్తరాలకూ చోటు చాలదు కాబట్టి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ రాశాను. అది చదివితే నాకు కోపం వచ్చింది, దాంతోపాటు నా పాత సంగతీ ఒకటి గుర్తొచ్చింది.

ప్రశ్న: సార్, మాది అనంతపురం టౌన్. నిరుడు మెకానికల్ బీటెక్ అయిపోయింది, 67 శాతం. షార్ట్ సర్వీస్‌కు దరఖాస్తు పెడితే ఎస్‌ఎస్‌బీకి (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డుకు) పిలుపు రాలేదు. ఎన్‌సీసీ లేదు, ఆటల సర్టిఫికెట్లు లేవు. నాన్నది చిన్న టిఫిన్ హోటల్. పొద్దున, సాయంత్రం అక్కడే ఉండాల్సి వస్తుంది కాబట్టి వేరే ఏమీ చేయడానికి టైం దొరకలేదు. ఇక్కడ ఒకాయన పదిహేను వేలిస్తే స్పోర్ట్స్ సర్టిఫికెట్, సోషల్ సర్వీస్ సర్టిఫికెట్ రెండూ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకుంటే దరఖాస్తుకు బలం వస్తుందా? లేకపోతే ఎంటెక్ చేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ పదిహేను వేలు మీ నాన్న గల్లాపెట్టెలో పెట్టెయ్ తమ్ముడూ. ఆ డబ్బుతో కొత్త గ్రైండర్ కొన్నా మేలే.

నీకు పిలుపు ఎందుకు రాలేదో చూద్దాం. షార్ట్ సర్వీస్‌కు ఇప్పుడు రాతపరీక్ష లేదు. అందరి డిగ్రీ మార్కుల్నీ ఒకే కొలతకు తెచ్చి, ఒక్కో శాఖకు ఒక్కో కటాఫ్ పెట్టి, పైనుంచి పిలుచుకుంటూ వస్తారు. ప్రకటనలో 60 శాతం అని ఉంటుంది, అది దరఖాస్తు పెట్టుకోవడానికి మాత్రమే. పిలుపు ఎక్కడ ఆగుతుందో ఆసారి ఎందరు పెట్టారు, వాళ్లకెన్ని మార్కులు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నువ్వు కొనే కాగితాలకు ఆ లెక్కలో చోటే లేదు. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కటాఫ్‌లో 5 శాతం సడలింపు ఇస్తున్నారు, కానీ నీ కాలేజీ రోజులు అయిపోయాయి. ఇది చదువుతున్న ఫస్టియర్ పిల్లలు మాత్రం రేపే వెళ్లి మీ కాలేజీ ఎన్‌సీసీ అధికారిని కలవండి.

నీ చేతిలో ఇంకా ఉన్నవి రెండు. ఒకటి సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. నేవల్ అకాడమీ కోసం రాసేవాళ్లకు ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి, అంతే. 67 వచ్చిందా 87 వచ్చిందా అని పిలుపు దగ్గర చూడరు, రాతపరీక్ష మార్కులే చూస్తారు. ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, లెక్కలు మూడు పేపర్లు. ఒక్కోటి 100 మార్కులు, 2 గంటలు. లెక్కలు పదో తరగతి స్థాయివే అయినా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు కాబట్టి గుడ్డిగా గుర్తు పెట్టే అలవాటు మానుకో. సీట్లు తక్కువే. అయినా కటాఫ్ దగ్గరే ఆగిపోయిన నీలాంటివాడికి అది తెరిచి ఉన్న తలుపు. వయసు మాత్రం ప్రకటనలో ఇచ్చిన పుట్టిన తేదీలతో సరిచూసుకో.

రెండోది, షార్ట్ సర్వీస్ దరఖాస్తునే ఇంకొంచెం తెలివిగా నింపడం. మెకానికల్ వాడికి ఇంజినీరింగ్ శాఖ ఒక్కటే అనుకుంటారు మనవాళ్లు. ఎగ్జిక్యూటివ్ (ఓడలు నడిపేది), పైలట్, లాజిస్టిక్స్ (సరఫరాలు చూసేది) శాఖలు కూడా తరచుగా ఉంటాయి. దరఖాస్తు ఒకటే, అందులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది నువ్వే రాయాలి. పోయినసారి నువ్వు ఒక్క శాఖే పెట్టి ఉంటావని నా అనుమానం.

ఎంటెక్ సంగతికొస్తే, ఆ చదువు మీద ఇష్టముంటే చెయ్. నేవీ పిలుపు కోసమే రెండేళ్లు ధారపోయకు. వయసు కూడా కరిగిపోతుంది.

కాగితాల దగ్గర మనవాళ్లు చేసే తప్పులు నాకు కంఠతా వచ్చేశాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. మెమోలో ఎలా ఉందో అలాగే రాయాలి, ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే దిద్దించుకోవాలి. సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు స్నేహితుడు చెప్పిన లెక్క కాదు, యూనివర్సిటీ ఇచ్చిన సూత్రం వాడాలి, ఆ కాగితం కూడా జతచేయాలి. మార్కుల మెమోలు ఫోన్‌తో మసకగా ఫొటో తీసి పెట్టొద్దు. ఇక షార్ట్ సర్వీస్ దరఖాస్తుకు ఫీజే లేదు. ఎవరైనా ఫీజు కట్టాలని అడిగితే అది వాళ్ల ఇంటి ఖర్చుకని తెలుసుకో.

ఇదంతా పిలుపు దాకా. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

ఎస్‌ఎస్‌బీ అంటే ఐదు రోజులు. మొదటి రోజు తెలివి పరీక్ష, ఆపైన ఒక మసక బొమ్మను 30 సెకన్లు చూపించి కథ రాయమంటారు, దాని మీద గుంపులో మాట్లాడిస్తారు. సగానికి సగం మంది ఆ సాయంత్రమే సంచి సర్దుకుంటారు. మిగిలినవాళ్లకు మనస్తత్వ పరీక్షలు, మైదానంలో గుంపు పనులు, ఒక ఇంటర్వ్యూ, చివరి రోజు అధికారులంతా కూర్చునే కాన్ఫరెన్స్. వీటన్నిటికీ ముందు నీచేత ఒక ఫారం నింపిస్తారు, పీఐక్యూ అంటారు. మీ ఊరి జనాభా ఎంత, అది జిల్లా కేంద్రమా, అమ్మానాన్నల చదువు, రాబడి, నీ మార్కులు, ఆటలు, హాబీలు, ఎక్కడైనా బాధ్యత మోశావా, ఇంతకుముందు ఎన్నిసార్లు ఎస్‌ఎస్‌బీకి వచ్చావు... అన్నీ అందులోనే. ఇంటర్వ్యూ చేసే అధికారి చేతిలో ఉండేది ఆ ఫారమే. నువ్వు కొందామనుకున్న సర్టిఫికెట్ అక్కడ బలం కాదు, ఉచ్చు. వాలీబాల్ అని రాస్తావు. 'లిబెరో ఏం చేయకూడదు?' అని ఆయన అడుగుతాడు. అప్పుడు నీ మొహం చూడాలి.

నాకు ఆ మొహం అనుభవమే. మొదటిసారి బెంగళూరు బోర్డుకు వెళ్లినప్పుడు హాబీలు అన్నచోట 'పుస్తక పఠనం, స్టాంపుల సేకరణ' అని రాశాను. మా కాలేజీలో అందరూ అదే రాసేవాళ్లు. మా ఇంట్లో ఉన్న స్టాంపులంటే బ్యాంకు నోటీసుల కవర్ల మీదివే. ఆ అధికారి చాలా మర్యాదస్తుడు. 'ఈమధ్య చదివిన పుస్తకం?' అన్నారు. నేను ఇంటర్ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకంలోని నాన్-డిటెయిల్డ్ పేరు చెప్పాను. 'బాగుంది. స్టాంపుల్లో మీకు ఇష్టమైన దేశం?' అన్నారు. 'ఇండియా సార్' అన్నాను. ఆయన నవ్వలేదు, ఫారం మీద ఏదో చిన్నగా రాసుకున్నారు. ఐదో రోజు నెగ్గినవాళ్ల చెస్ట్ నంబర్లు (అక్కడ ఛాతీ మీద కట్టుకునే నంబర్లు) చదివారు, నాది లేదు. రాత్రికి రైలెక్కి తెల్లారేసరికి గుత్తిలో దిగాను.

తర్వాతి ఏడాది భోపాల్. ఈసారి చేసేదేమీ లేక నిజం రాశాను. మా మామది మోటార్ల వైండింగ్ షాపు. సెలవుల్లో అక్కడే కూర్చుని కాలిపోయిన బోరు మోటార్లు విప్పడం, రాగి తీగ చుట్టడం నా పని. దాన్నే హాబీ అని రాశాను. బాధ్యత అన్న గడిలో ఇంకోటి రాశాను: మా పొలాల దగ్గర ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద తొమ్మిది బోర్లుండేవి. కరెంటు రాగానే అందరూ ఒక్కసారి స్విచ్ వేసేవాళ్లు, వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలేవి. నేనూ ఇంకో పిల్లవాడూ తొమ్మిది మందినీ కూర్చోబెట్టి వంతులు రాశాం. ఇద్దరు ఒప్పుకోలేదు. ఒకాయన మా పెదనాన్నే. ఆ అధికారి అరగంట దీని మీదే అడిగారు. వోల్టేజీ తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది? ఆంపియర్లు ఎంత దాకా పెరిగేవి? పెదనాన్నను ఎలా ఒప్పించావు? నేను ఒప్పించలేదు సార్, ఆయన మోటారే కాలింది, అప్పుడు ఒప్పుకున్నాడు అన్నాను. ఈసారి ఆయన నవ్వారు. నా నంబరు చదివారు.

ఇప్పుడు నీ ఉత్తరం మళ్లీ చదువుకో. 'నాన్నది హోటల్, అక్కడ ఉండాల్సి వస్తుంది కాబట్టి ఏమీ చేయలేదు' అని రాశావు. నీ దగ్గరున్న ఒకే ఒక్క మంచి సరుకును సాకు కింద రాసుకున్నావు! దోసె మాస్టర్ చెప్పకుండా మానేసిన రోజు పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారు? నూనె డబ్బా ధర పెరిగినప్పుడు ప్లేటు ధర పెంచాలా, ఉగ్గానిలో బొరుగులు తగ్గించాలా అని ఎవరు తేల్చారు? అప్పు పెట్టే గిరాకీతో గొడవ లేకుండా డబ్బు ఎలా రాబట్టావు? వాళ్లు వెతికే గుణాలు పదిహేను అని లెక్క చెబుతారు. చొరవ, బాధ్యత, గుంపుతో కలవడం, నిర్ణయం తీసుకోవడం ఇలాంటివే అవన్నీ. అవి హోటల్లో తప్ప ఇంకెక్కడ దొరుకుతాయి?

ఒక పని చెయ్. ఒక నోట్‌బుక్ తీసుకుని గత మూడేళ్లలో హోటల్లో జరిగిన పది సంఘటనలు రాయి. ఏం జరిగింది, నువ్వేం చేశావు, ఏది చెడిపోయింది. చెడిపోయినవి కూడా రాయి. అవి అడుగుతారు. ఒక నెల లెక్క నువ్వే పట్టు, ఎంత మిగిలిందో నీకు తెలియాలి. హోటల్ పనికి ముందో తర్వాతో పీటీసీ మైదానంలో పరుగు పెట్టు. ఎస్‌ఎస్‌బీలో 10 అడ్డంకులు 3 నిమిషాల్లో దాటాలి, రొప్పితే కుదరదు.

మనస్తత్వ పరీక్షల గురించి ఒక మాట. 12 బొమ్మలకు కథలు రాయాలి, వాటిలో చివరిది ఖాళీ కార్డు. 60 మాటలు చూపిస్తారు, ఒక్కో మాటకు తోచింది 15 సెకన్లలో రాయాలి. 60 సందర్భాలిచ్చి, ఒక్కోదానిలో నువ్వేం చేస్తావో అరగంటలో రాయమంటారు. కోచింగ్‌కు వెళ్లొచ్చిన పిల్లలు కొందరు తమ కథలు నాకు చూపించారు. పన్నెండు బొమ్మలకూ పన్నెండు రక్తదాన శిబిరాలు! బొమ్మలో ముసలాయన కూర్చున్నా శిబిరమే, పడవ మునుగుతున్నా శిబిరమే. కోచింగ్ తప్పని నేననను, పద్ధతి తెలుస్తుంది. కథ మాత్రం నీదై ఉండాలి.

ఎస్‌ఎస్‌బీలో ఒకసారి పోయినా వయసున్నంత కాలం మళ్లీ వెళ్లొచ్చు. పాత ప్రయత్నాలు ఫారంలో దాచకు. ఒక రకం కమిషన్‌కు మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏసీ త్రీటైర్ రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, టికెట్ పారేసుకోకు.

ప్రశ్న: అంకుల్, నేను ప్రొద్దుటూరులో ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. హాస్టల్లో ఉంటాను. నాకు నేవీ అంటే పిచ్చి. నాన్నేమో 'ఆడపిల్ల ఓడల్లో ఏం చేస్తుంది' అంటారు. మా కాలేజీలో ఆటలే ఉండవు. నేనెలా తయారవ్వాలి?
– ఒక విద్యార్థిని, కడప జిల్లా

జవాబు: మీ నాన్నగారికి ఈ పేజీ చూపించు తల్లీ. నేవీలో ఆడవాళ్లు ఆఫీసర్లుగా చేరడం 1992లోనే మొదలైంది. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోకి అమ్మాయిలు 2022లో అడుగుపెట్టారు, మొదటి జట్టు 17 మంది 2025 మేలో బయటికొచ్చారు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ ఆఫీసర్లు, ఆరుగురూ ఆడవాళ్లే, 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి భూగోళం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లు, విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య. ఇంకా నమ్మకపోతే సెలవుల్లో నాన్ననూ తీసుకుని కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కు. విశాఖ బీచ్ ఒడ్డున కురుసుర జలాంతర్గామిని మ్యూజియం చేసి పెట్టారు. లోపలికి వెళ్లి ఆ మంచాల సందు చూశాక కూడా నీకు నేవీ పిచ్చి తగ్గకపోతే, అప్పుడు నాన్నే దారికొస్తారు.

నీకున్న దారులు రెండు. ఎన్‌డీఏ: యూపీఎస్సీ పరీక్ష, ఏడాదికి రెండుసార్లు, లెక్కలు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. రెండోది 10+2 బీటెక్ ప్రవేశం: ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 70 శాతం, పదిలో కానీ ఇంటర్‌లో కానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. దీనికి వేరే రాతపరీక్ష లేదు, జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు. ఎంపికైతే కేరళ కన్నూరు జిల్లా ఎళిమలలోని నేవల్ అకాడమీలో నాలుగేళ్లు నేవీ ఖర్చుతోనే బీటెక్. ఎలాగూ నువ్వు జేఈఈకి చదువుతూనే ఉంటావు కదా, వేరే పుస్తకం కొనే పని కూడా లేదు.

ఆటలు లేని కాలేజీలు మన దగ్గర కోకొల్లలు, దాని గురించి ఎంత తిట్టుకున్నా లాభం లేదు. మీ హాస్టల్లో నీళ్లు రాని రోజు వార్డెన్ దగ్గరికి ఎవరు వెళతారు? ఈసారి నువ్వెళ్లు. రాత్రి భోజనం తర్వాత రూమ్మేట్స్‌తో పావుగంట ఇంగ్లిష్‌లోనే మాట్లాడు, నవ్వుకున్నా సరే. మనవాళ్లకు ఇంగ్లిష్ రాకపోవడం కన్నా, తప్పు పోతుందని నోరు తెరవకపోవడం వల్ల పోయే నంబర్లే ఎక్కువ. మెట్లు ఎక్కడానికి మైదానం అక్కర్లేదు.

ప్రశ్న: మావాడు ఐదో తరగతి. వాణ్ని నేవీ ఆఫీసరు చేయాలని నా కోరిక. ఇప్పట్నుంచే ఏం చేయాలి? మాకు తెలిసిన నాయకుడు ఒకాయన ఉన్నారు, పైనుంచి ఒక మాట చెప్పిస్తే పనవుతుందా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: పైమాట పనిచేయదండీ. ఆ నాయకుడితో రోడ్డు వేయించుకోండి. సైనిక్ స్కూలుకు ఆరో తరగతిలో, తొమ్మిదో తరగతిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. మనకు కలికిరి స్కూలు దగ్గర, విజయనగరం పక్కనున్న కోరుకొండ స్కూలు దూరం. అది మంచి చదువే కానీ అక్కడ చదివితేనే ఆఫీసరవుతారని లేదు, మా బ్యాచ్‌లో పల్లె బడుల నుంచి వచ్చినవాళ్లం బాగానే ఉన్నాం. అసలు కోరిక పిల్లవాడిదా మీదా అన్నది మీ ఉత్తరంలో తెలియలేదు.

ప్రశ్న: సార్, మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్ల మీద గోధుమ రంగు గారలున్నాయి. కళ్లజోడు కూడా ఉంది. మెడికల్‌లో తీసేస్తారా? తీసేస్తారంటే ఇంత కష్టపడడం ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: ఫ్లోరైడ్ గార మన జిల్లా వాళ్లకు పుట్టుమచ్చ లాంటిది. మెడికల్‌లో పళ్లకు పాయింట్లు వేస్తారు, కనీసం 14 రావాలి. ఎన్ని పళ్లున్నాయి, పైవీ కిందవీ సరిగ్గా కలిసి నమలగలుగుతున్నాయా అన్నది దాంట్లో లెక్క. కాబట్టి ముందుగానే ఒక పళ్ల డాక్టర్‌కు చూపించు. పుచ్చినవి పూడ్పించుకో, గట్టిపడిన పాచి తీయించుకో. చెవుల్లో గుబిలి కూడా తీయించుకుని వెళ్లు. చిన్న విషయమే, కానీ వెళ్లేముందు చూసుకొమ్మని ప్రకటనల్లోనే రాస్తారు.

కళ్ల సంగతి శాఖను బట్టి మారుతుంది. ఎగ్జిక్యూటివ్, పైలట్‌లకు గట్టిగా చూస్తారు, ఇంజినీరింగ్ వైపు కొంత వెసులుబాటు ఉంటుంది. పవర్ కన్నా ముందు రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నది పరీక్ష చేయించుకో. కంటి డాక్టర్ దగ్గర అంకెలున్న చుక్కల పుస్తకం ఉంటుంది, ఐదు నిమిషాల పని. నా స్నేహితుడొకడు రెండేళ్లు తయారై, బోర్డులో నెగ్గి, ఆఖరికి మెడికల్‌లో ఆ చుక్కల్లో అంకె కనబడక ఇంటికొచ్చాడు. అదేదో మొదటి రోజే తెలిసుంటే వేరే దారి చూసుకునేవాడు కదా. దరఖాస్తుకు ముందు చేయాల్సిన మొదటి పని ఇదేనని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను.

ప్రశ్న: అన్నా, నాకు ఈత రాదు. మా పత్తికొండ వైపు ఈత కొట్టే నీళ్లెక్కడివి? ఈత రాకుండా నేవీకి దరఖాస్తు పెడితే నవ్వుతారా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: నవ్వరు. దరఖాస్తులో ఈత అడగరు, అకాడమీలో నేర్పిస్తారు. నా కాలంలో అకాడమీ గోవాలో ఉండేది, 2009లో ఎళిమలకు వచ్చింది. నేను నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని మోటబావిలో నేర్చినవాణ్ని. బావి ఈత అంటే ఉన్నచోటే తేలడం, గోడ పట్టుకుని తిరగడం. కొలనులో పొడవునా ఈదమంటే సగం దూరానికి గోడ కోసం చేతులు చాచాను. అక్కడ గోడ లేదు! పంజాబ్ నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు నాకన్నా అధ్వానం. వాళ్లకు సొరకాయ కూడా తెలియదు. ఈత రానివాళ్లందర్నీ పొద్దున్నే వేరే లైనులో నిలబెట్టేవాళ్లు, రెండు నెలలకు ఆ లైను ఖాళీ అయింది.

ముందే నేర్చుకోవాలని ఉంటే కర్నూల్లోనో అనంతపురంలోనో కోచ్ ఉన్న కొలను చూసుకో. ఉత్సాహం కొద్దీ కేసీ కాలువలోకి మాత్రం ఒంటరిగా దిగకు. పైనుంచి చూస్తే నిదానంగానే ఉంటుంది, లోపల లాగుడు ఎక్కువ.